సీఎఫ్ పిల్లలకి సైనస్ ఫారంలో 22 ప్రశ్నలు అవసరమా? తగ్గిస్తే ఏవి తీసేయాలి?

కూకట్‌పల్లి_అమ్మ
మా బాబుకి 16 ఏళ్లు, సిస్టిక్ ఫైబ్రోసిస్ (సీఎఫ్) ఉంది, ఒంట్లో ఊరే జిగురు చిక్కబడి ఊపిరితిత్తుల్ని, సైనస్‌లని ఇబ్బంది పెట్టే జన్యు జబ్బు. ఆరో ఏట బయటపడింది. అప్పటిదాకా ప్రతి చలికాలం నిమ్ము నిమ్ము అని మందులు వాడుతూనే ఉన్నాం, చివరికి ఒక డాక్టరు గారు చెమట పరీక్ష రాస్తే చెమటలో క్లోరైడ్ చాలా ఎక్కువగా, 96 వచ్చింది. మూడు నెలలకోసారి చెకప్‌కి వెళ్తాం. పొద్దున ఏడింటికి బయల్దేరితే బరువు, ఊదే పరీక్ష, కఫం శాంపిల్, డైటీషియన్, ఫిజియో అన్నీ అయ్యేసరికి రెండవుతుంది. అప్పుడు ఈఎన్‌టీ వాళ్లు ఒక కాగితం ఇస్తారు. 22 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 5 దాకా మార్కు పెట్టాలి. ముక్కు చీదాల్సి వస్తోందా, తుమ్ములా, చెవి నొప్పా, నిద్ర పడుతోందా, నీరసమా, విసుగా...

పోయిన వారం వాడు నింపుతుంటే పక్కన కూర్చుని చూశాను. నిమిషం పట్టలేదు. పైనుంచి కిందకి అన్నీ 2, 2, 2. ఇదేంట్రా అంటే "ఎప్పుడూ ఇవే కదమ్మా, ఆకలేస్తోంది" అన్నాడు. తీరా ఇంటికొస్తుంటే ఆటోలో చెప్పాడు, పది రోజులుగా కళ్ల మధ్య ఒకటే నొప్పి అట, స్కూల్లో బోర్డు వైపు చూడలేకపోతున్నాడట. ఆ ప్రశ్న ఫారంలో ఉంది. దానికీ 2 పెట్టాడు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇంత పొడుగు ఫారం ఈ పిల్లలకి అవసరమా? ఎనిమిదో పదో ప్రశ్నలతో చిన్నది చేయకూడదా? చేస్తే ఏవి ఉంచాలి, ఏవి తీయాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

ఈఎన్‌టీ_పీజీ
మేడమ్, మీరు చెప్పేది స్నాట్-22 ఫారం. మొత్తం మార్కులు 110. ఎంత ఎక్కువ వస్తే ఇబ్బంది అంత ఎక్కువ. గత రెండు వారాల్లో ఎలా ఉంది అని అడుగుతుంది. ప్రశ్నలు సుమారుగా నాలుగు గుంపులు: ముక్కు, చెవి-మొహం, నిద్ర, మనసు. మామూలు దీర్ఘకాలిక సైనసైటిస్ ఉన్న పెద్దవాళ్ల కోసం తయారైన ఫారం ఇది, సీఎఫ్ కోసం ప్రత్యేకంగా చేసింది కాదు. కానీ ఆపరేషన్‌కి ముందు ఎంత, తర్వాత ఎంత అని పోల్చడానికి మాకు ఒక అంకె కావాలి, దీన్ని ప్రపంచమంతా వాడుతున్నారు కాబట్టి మేమూ ఇదే ఇస్తాం. మామూలు సైనసైటిస్‌లో దాదాపు 9 మార్కులు తగ్గితే పేషెంటుకి తేడా తెలిసినట్టు లెక్క.

ముందు అసలు విషయం: ఆ నొప్పి సంగతి తర్వాతి చెకప్ దాకా ఆపకండి. రేపే ఫోన్ చేసి చెప్పండి. కళ్ల చుట్టూ వాపు, చూపులో తేడా, జ్వరం, వాంతులు, మెడ బిగుసుకోవడం ఇలాంటివి ఉంటే ఫోను కూడా వద్దు, నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

కూకట్‌పల్లి_అమ్మ
పొద్దున్నే ఫోన్ చేశానమ్మా, సాయంత్రం రమ్మన్నారు. వాపు, జ్వరం ఏమీ లేవు. థాంక్స్.

ఉప్పు_చెమట
నాకు 27 ఏళ్లు, సైదాబాద్. నాదీ అదే జబ్బు. అక్కా, మీ బాబు చేసిందే నేను ఇంటర్ చదివేటప్పుడు రెండేళ్లు చేశా, నేను మాత్రం 1, 1, 1 పెట్టేవాణ్ని. ఇంటికి తొందరగా పంపించేస్తారని.

నా గొడవ ప్రశ్నలు ఎన్ని ఉన్నాయని కాదు, ఏవి ఉన్నాయని. ఆ ఫారంలో దగ్గు ఉంది. నేను దగ్గేది ఊపిరితిత్తుల వల్ల. రాత్రి మెలకువ వస్తుందా అంటే వస్తుంది, అదీ దగ్గు వల్లే. పొద్దున లేస్తే అలసటగా ఉంటుందా, పని తగ్గిందా, ధ్యాస కుదురుతుందా, వీటన్నిటికీ నా జవాబు నా ఛాతీ ఎలా ఉందన్న దాన్ని బట్టే మారుతుంది. ఒకసారి ఛాతీ ఇన్‌ఫెక్షన్‌తో వెళ్తే ఈ ఫారంలో నా మార్కు 30 నుంచి 52కి పెరిగింది. ముక్కు మాత్రం ఎప్పటిలాగే ఉంది. సైనస్ ఇబ్బంది పెరిగినట్టుంది, సీటీ స్కాన్ తీద్దామన్నారు. పక్క గదిలో ఛాతీ డాక్టరు గారు అదే దగ్గుకి అప్పటికే యాంటీబయాటిక్ రాసి ఉన్నారు.

అందుకే సీఎఫ్ వాళ్లకి చిన్నది చేస్తే ముందు ఆ కలగాపులగం ప్రశ్నలు తీయాలి. ముక్కు సంగతి ముక్కుకే ఉండాలి.

నాగోల్_నరేష్
ఒక్కటే ప్రశ్న సాలదా? "ముక్కు ఎట్లుంది?" అని. మా నాయన అయితే దానికే పావుగంట జెప్తడు.

ఈఎన్‌టీ_పీజీ
నరేష్ గారూ, మీరు సరదాగా అన్నా అది నిజంగానే ఉంది. ఒక గీత గీసి 0 నుంచి 10లో మీ సైనస్ ఇబ్బంది ఎక్కడుందో గుర్తు పెట్టమంటాం. 3 దాకా తక్కువ, 7 దాకా మధ్యస్థం, 7 దాటితే తీవ్రం. బాగానే పనిచేస్తుంది. కానీ ఇబ్బంది ఎంతో చెబుతుంది, ఏంటో చెప్పదు. వాసన పోయి 7 పెట్టిన మనిషికీ, నొప్పితో 7 పెట్టిన మనిషికీ వైద్యం ఒకటి కాదు కదా.

లెక్కల_సారు
నా పని ఇలాంటి ఫారాల లెక్కలు చూడటమే, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నా.

తగ్గించడం తప్పేం కాదు. మనసు దిగులు కొలిచే పీహెచ్‌క్యూ-9లో మొదటి రెండు ప్రశ్నలే తీసి పీహెచ్‌క్యూ-2 చేశారు. ముందు ఆ రెండూ అడిగి, మార్కు 3 లేదా అంతకన్నా ఎక్కువ వస్తే అప్పుడు మిగతావి అడుగుతారు. దాన్ని ఎన్నో చోట్ల వాడుతున్నారు.

స్నాట్-22లో కూడా ఒకే మాట తిప్పి తిప్పి అడిగినవి కనపడతాయి. నిద్ర పట్టడం కష్టమా, రాత్రి మెలకువ వస్తుందా, మంచి నిద్ర ఉండటం లేదా, లేచేసరికి అలసటగా ఉందా. నాలుగూ నిద్ర చుట్టూనే. ఒకదానికి 4 పెట్టినవాళ్లు మిగతా మూడింటికి కూడా దాదాపు అదే పెడతారు. అలాంటప్పుడు నాలుగులో ఒకటి ఉంచితే పోయేది కొంచెమే. అలాగే ఎవరిని అడిగినా 0 వచ్చే ప్రశ్న ఏదైనా ఉంటే అది కాగితంలో చోటు తినడం తప్ప చేసేదేం లేదు.

కానీ ఉప్పు_చెమట తమ్ముడు చెప్పింది దీనికంటే పెద్ద పాయింటు. లెక్కల్లో బాగా కలిసిపోయే ప్రశ్నలే ఉంచుతూ పోతే దగ్గు, నీరసం, నిద్ర అన్నీ ఒకదానితో ఒకటి చక్కగా కలుస్తాయి, ఎందుకంటే వాటి వెనక ఉన్న కారణం ఊపిరితిత్తులు. కంప్యూటరు ఆ ప్రశ్నలే బాగున్నాయంటుంది. అప్పుడు మీ చేతికొచ్చేది ఛాతీని కొలిచే చక్కటి సైనస్ ఫారం. ఏ ప్రశ్న ఎందుకు ఉందో ఆ జబ్బుతో బతికేవాళ్లతో కూర్చుని మాట్లాడాకే లెక్క మొదలుపెట్టాలి.

ఫిజియో_స్వాతి
నేను ఒప్పుకోను. నిద్ర, మనసు ప్రశ్నలు తీసేద్దాం అని అందరూ తేలిగ్గా అంటున్నారు. నేను సీఎఫ్ పిల్లలకి ఛాతీ ఫిజియో చేయిస్తాను. ఒక అమ్మాయి ఉండేది, డిగ్రీ ఫస్టియర్. వస్తే నవ్వుతూ ఉండేది, ఎలా ఉన్నావంటే "సూపర్ అక్కా" తప్ప ఇంకో మాట లేదు. ఒకరోజు ఆమె ఫైలు నా చేతిలో పడితే ఆ ఫారం చూశాను. ముక్కు ప్రశ్నలన్నిటికీ 1. చివరి రెండు, దిగులుగా ఉందా, నలుగురిలో సిగ్గుగా ఉందా, వాటికి 5, 5. పెన్నుతో రెండుసార్లు దిద్ది మరీ పెట్టింది. నోటితో ఎవరికీ చెప్పలేనిది ఆ కాగితంలో చెప్పింది. ఆ రెండు ప్రశ్నలూ ముక్కువి కావని తీసేసి ఉంటే?

ఉప్పు_చెమట
@ఫిజియో_స్వాతి అక్కా, ఆ అమ్మాయి సంగతి చదివి బాధేసింది. కానీ ఆ రెండు 5లు ఈఎన్‌టీ ఫైల్లో ఎన్నాళ్లు ఉన్నాయి, మీరు చూసేదాకా? దిగులు గురించి అడగాలంటే దిగులు ఫారమే ఇచ్చి అడగాలి, అడిగాక దాన్ని చూసే మనిషి ఉండాలి. ముక్కు ఫారం చివర్లో దాచి పెడితే మార్కుల్లో కలిపేస్తారు, 110లో 10 అయి కూర్చుంటుంది అంతే.

ఫిజియో_స్వాతి
నాలుగు నెలలు ఉన్నాయి. నిజమే.

ఈఎన్‌టీ_పీజీ
ఇద్దరూ చెప్పింది కరెక్టే. సీఎఫ్‌లో 12 ఏళ్లు దాటిన అందరికీ ఏడాదికోసారి పీహెచ్‌క్యూ-9, జీఏడీ-7 ఇచ్చి దిగులు, ఆందోళన చూడాలని అంతర్జాతీయ మార్గదర్శకాలే ఉన్నాయి. అది సరిగ్గా జరిగే చోట సైనస్ ఫారంలో మనసు ప్రశ్నలు తగ్గించొచ్చు. జరగని చోట తీసేస్తే ఆ ఒక్క కిటికీ కూడా మూసినట్టవుతుంది. అంటే ఏ ప్రశ్న తీయాలన్నది పక్కన ఇంకే ఫారాలు ఇస్తున్నారన్న దాన్ని బట్టి కూడా ఉంటుంది. సీఎఫ్ వాళ్ల జీవన నాణ్యతకి సీఎఫ్‌క్యూ-ఆర్ అని ఇంకోటి ఉంది, పెద్దవాళ్లకి అందులో 50 ప్రశ్నలు. దగ్గు, నీరసం అందులో ఎలాగూ వస్తాయి.

నల్లకుంట_తాతయ్య
మా మనవరాలికి కూడా ఇదే జబ్బు. ఒకటి చెప్పండి, మా చుట్టాలు ప్రతి ఏడూ మృగశిర కార్తె రాగానే నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో చేప మందు వేయించమని ఒకటే పోరు. శాకాహారులకి బెల్లంతో ఇస్తారట కదా, అది వేయించొచ్చా?

ఈఎన్‌టీ_పీజీ
తాతయ్య గారూ, అది ఉబ్బసం ఉన్నవాళ్ల కోసమని ఇస్తారు. సీఎఫ్ ఉబ్బసం కాదు, జన్యువులో వచ్చిన తేడా. సీఎఫ్‌టీఆర్ అనే జన్యువు సరిగ్గా పనిచేయక ఒంట్లో ఊరే జిగురు చిక్కబడుతుంది, సైనస్‌లలో, ఊపిరితిత్తుల్లో, క్లోమంలో అన్నిచోట్లా. ఏది మింగించాలన్నా, పైగా అంత జనంలోకి ఆ పాపని తీసుకెళ్లాలన్నా, ముందు మీ డాక్టరు గారిని అడగండి. నా మటుకు నేనైతే వద్దంటాను.

నల్లకుంట_తాతయ్య
సరే తల్లీ. చుట్టాలకి నీ పేరు చెబుతా.

తెలుగు_టీచరమ్మ
ఇంగ్లీషు ఫారం గురించే అందరూ మాట్లాడుతున్నారు. తెలుగులో అడిగేటప్పుడు ఏమవుతుందో చెప్తా. మా చెల్లెలి కొడుక్కి సీఎఫ్, వాళ్లది సూర్యాపేట దగ్గర పల్లె. మా చెల్లెలికి ఇంగ్లీషు రాదు, సిస్టరమ్మ చదివి చెబుతుంటే జవాబులు ఇస్తుంది. ముక్కు వెనక నుంచి గొంతులోకి జారడం అనే ప్రశ్న వచ్చింది. "గొంతులో కఫం ఉంటదా?" అని అడిగింది సిస్టరు. సీఎఫ్ పిల్లాడికి గొంతులో కఫం ఎప్పుడు ఉండదు? 5 వేశారు. అసలు అడిగింది కిందనుంచి వచ్చే కఫం కాదు, పైనుంచి జారేది.

జలుబు అంటే కోస్తా వైపు ఒకలా తీసుకుంటారు, మా వైపు సర్ది అంటేనే అర్థమవుతుంది. మొహంలో నొప్పి, ఒత్తిడి అనే ప్రశ్నకి ఒత్తిడి అంటే టెన్షన్ అనుకుని "పరీక్షలప్పుడు ఉంటది మేడమ్" అన్నాడు పిల్లాడు. మొహం బరువెక్కినట్టు ఉంటోందా అంటే టక్కున చెప్పాడు, వంగితే బరువు అని. కళ్లు తిరగడం వేరు, తల తిరగడం వేరు అనే ఇళ్లున్నాయి. ఇక నలుగురిలో సిగ్గు అనే ప్రశ్న! సిగ్గు అనగానే పిల్లాడు నవ్వి తల దించుకున్నాడు. "నలుగురి ముందు ముక్కు చీదాలంటే నామోషీగా ఉంటుందా?" అని నేను మళ్లీ అడిగితే అప్పుడు అవునన్నాడు.

22 ప్రశ్నలు ఇలా అర్థం కాకుండా అడిగేకంటే ఎనిమిది ప్రశ్నలు మన మాటల్లో సరిగ్గా అడిగితే మేలు. ప్రశ్నలు తక్కువైతే ఒక్కో మాట మీద శ్రద్ధ పెట్టే తీరిక ఉంటుంది.

నాగోల్_నరేష్
సర్ది మాట నూటికి నూరు పాళ్లు నిజం టీచరమ్మా. మా అమ్మమ్మకి ముక్కు దిబ్బడ అంటే ఏ ఊరి పేరో అనుకుంటది.

లెక్కల_సారు
టీచరమ్మ గారు చెప్పింది మా వాళ్లు పుస్తకంలా రాస్తారు. అనువాదం చేయడం, దాన్ని ఇంకొకరితో తిరిగి ఇంగ్లీషులోకి మార్పించి పోల్చడం, పదిమంది పేషెంట్లతో చదివించి "మీకేం అర్థమైంది" అని అడగడం. ఆ చివరిదే అసలు పని, దాన్నే ఎక్కువమంది ఎగ్గొడతారు.

డల్లాస్_పిన్ని
మాది వనస్థలిపురం, ఇప్పుడు డల్లాస్‌లో ఉంటున్నాం. మా పాపకి 19. ఇక్కడ 2019 అక్టోబరులో మూడు మందులు కలిసిన ట్రైకాఫ్టా అనే సీఎఫ్ మందుకి అనుమతి వచ్చింది, వయసు రాగానే మా పాపకి మొదలుపెట్టారు. మొదటి వారంలోనే ముక్కులోంచి ఎంత చిక్కటిది పోయిందో చెప్పలేను, బాత్రూంలోనే కూర్చుంది పిల్ల. అంతకుముందు 40ల్లో ఉండే ఆ మార్కు ఇప్పుడు 8, 9. ఇప్పుడు ఫారం ఫోన్లోనే వస్తుంది, పాప సున్నా సున్నా సున్నా నొక్కుకుంటూ పోతుంది. 22లో ఒక 15 తనకి ఇక సంబంధమే లేనివి. చిన్నది చేస్తే మాలాంటి వాళ్లకి కూడా మేలే.

ఒక్కటి మాత్రం మారలేదు. వాసన. ముక్కు తెరుచుకుంది, ఊపిరి ఆడుతోంది, కానీ పోపు వేస్తే తనకి తెలియదు. మొత్తం మార్కు చూసి డాక్టరు "వెరీ గుడ్" అంటారు. ఆ 9లో 5 వాసన ఒక్కదానిదే అని నేనే చూపించాల్సి వచ్చింది.

ఉప్పు_చెమట
పిన్నీ, వాసన గురించి నేనూ రాద్దామనుకున్నా. చాలా ఏళ్లు ఆ ప్రశ్నకి నేను 0 పెట్టా. అబద్ధం కాదు, నాకు తేడా ఉందనే తెలీదు. పుట్టినప్పటి నుంచి నా ముక్కు ఇంతే కదా, దేంతో పోల్చుకోవాలి? ఇరవయ్యో ఏట పాలిప్‌లు (ముక్కు లోపల పెరిగే మెత్తటి కండలు) తీసి సైనస్ ఆపరేషన్ చేశారు. నెలన్నర తర్వాత రంజాన్ టైంలో ఫ్రెండ్స్‌తో మదీనా దగ్గర నడుస్తున్నా. ఉన్నట్టుండి ఏదో గుప్పున వచ్చింది, నెయ్యి, మసాలా, కాలిన కట్టె అన్నీ కలిపి. ఇదేంట్రా అంటే వాళ్లు నా మొహం చూసి "హలీం రా, నువ్వు పదేళ్ల నుంచి తింటున్నదే" అన్నారు. రోడ్డు మీద నిలబడిపోయా. ఏడాదిన్నరలో మళ్లీ పోయింది, పాలిప్‌లు తిరిగొచ్చాయి. ఇప్పుడు ఆ ప్రశ్నకి 5 పెడతా. నా ముక్కు అప్పటికీ ఇప్పటికీ ఒకటే, కానీ కాగితం మీద 0 కాస్తా 5 అయింది.

ఈఎన్‌టీ_పీజీ
ఇది మేం చాలాసార్లు చూస్తాం. సీఎఫ్ వాళ్లలో దాదాపు అందరికీ సీటీలో సైనస్‌లు నిండి కనిపిస్తాయి, అడిగితే మాత్రం "ఏం లేదు డాక్టర్" అంటారు. సీటీకీ, మార్కుకీ పెద్దగా పొంతన ఉండదు. చిన్నప్పటి నుంచి అలవాటైపోయి తక్కువ చెబుతారు. కాబట్టి వాసన ప్రశ్న ఉంచాలి, దాంతోపాటు నిజంగా వాసన చూపించి పరీక్ష చేయాలి. ఫారం ఒక్కటే నమ్ముకుంటే కుదరదు, అది 22 అయినా 8 అయినా.

ఇంకోటి, ఈ చర్చ చదివే తల్లిదండ్రులు ఎవరైనా ఉంటే: చిన్నపిల్లల ముక్కులో పాలిప్‌లు కనిపిస్తే సీఎఫ్ ఉందేమో చూడటానికి చెమట పరీక్ష గురించి తప్పకుండా అడగండి. పిల్లల్లో పాలిప్‌లు మామూలు విషయం కాదు.

గచ్చిబౌలి_నాన్న
డల్లాస్_పిన్ని గారూ ఆ మందు ఇక్కడ మాకు అందే దారేదైనా ఉందా? మా పాపకి నాలుగేళ్లు. ఖర్చు విని గుండె ఆగింది.

డల్లాస్_పిన్ని
బాబూ, ఇక్కడ ఇన్సూరెన్స్ మీద నడుస్తోంది, ధర నా నోటితో చెప్పలేను. పైగా అది అందరికీ పనిచేయదు, పాప మ్యుటేషన్లు, అంటే జన్యువులో తేడాలు, ఏవో ముందు తెలియాలి. ఎఫ్508డెల్ అనే తేడా ఇక్కడి వాళ్లలో చాలా ఎక్కువ, మన వాళ్లలో అంత ఎక్కువ కాదని మా డాక్టరు అన్నారు. జన్యు రిపోర్టు ఉందా మీ దగ్గర?

ఫిజియో_స్వాతి
గచ్చిబౌలి_నాన్న గారూ, 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానంలో సిస్టిక్ ఫైబ్రోసిస్ ఉంది. దాని కింద గుర్తించిన కేంద్రాల్లో హైదరాబాద్‌లో సీడీఎఫ్‌డీ (డీఎన్ఏ పరీక్షల సంస్థ), నిమ్స్ ఆసుపత్రి కలిసి ఒకటి. గుర్తించిన కేంద్రంలో వైద్యానికి ఒక పేషెంటుకి 50 లక్షల దాకా సాయం అని ఉంది. మీ పాపకి, మీకు కావలసిన మందుకి వర్తిస్తుందా లేదా అక్కడే అడిగి తెలుసుకోండి. దీని మీద వేరే చర్చ మొదలుపెట్టండి, నాకు తెలిసింది అక్కడ రాస్తా.

మోడరేటర్
మందుల ఖర్చు, పథకాల గురించి వేరే చర్చ తెరిచాను. ఇక్కడ ఫారం విషయం కొనసాగించండి.

మలక్‌పేట_మధు
అందరూ ఎన్ని ప్రశ్నలు అని కొట్టుకుంటున్నారు. నా బాధ వేరే. నింపిన ఫారం ఎవరైనా చదువుతున్నారా? మా చెల్లి ఆరేళ్లుగా నింపుతోంది. ఒక్క డాక్టరు కూడా "ఈ ప్రశ్నకి 4 ఎందుకు పెట్టావమ్మా" అని అడగలేదు. టోటల్ వేస్తారు, ఫైల్లో పెడతారు, పేరు పిలుస్తారు. అలాంటప్పుడు ఐదు ప్రశ్నలిచ్చినా మా చెల్లి అన్నీ 2లే పెడుతుంది. పిల్లలు బద్ధకంతో కాదు అలా చేసేది, ఎవరూ చూడరని వాళ్లకి తెలుసు.

ఈఎన్‌టీ_పీజీ
మధు గారూ, దీనికి నా దగ్గర సమాధానం లేదు, క్షమించండి. ఓపీలో ఒక్కొక్కరికి దొరికే నిమిషాల్లో 22 జవాబులు విడివిడిగా చూడలేకపోతున్నాం, టోటల్ చూసి ముందుకెళ్తున్నాం. నేను ఈ చర్చలో కూర్చోవడానికి కారణం కూడా అదే. ఏడెనిమిది ప్రశ్నలైతే ఒక్కో జవాబు మీద వేలు పెట్టి అడగగలను. నా వైపు నుంచి చూస్తే ఫారం చిన్నదవ్వాల్సింది అందుకు.

లెక్కల_సారు
అమ్మా పీజీ, మీ యూనిట్‌లో ఎవరైనా ఉత్సాహపడి రేపే ఎనిమిది ప్రశ్నలు ఏరి ప్రింటు తీస్తారేమో, అందుకే రెండు మాటలు చెప్పనివ్వండి.

పాత ఫారాల్లోంచి ఎనిమిది జవాబులు కూడి, ఆ మొత్తం 22 మొత్తంతో బాగా సరిపోయిందని సంబరపడకండి. ఆ ఎనిమిదీ 22లోనే ఉన్నాయి కదా, సరిపోక ఏం చేస్తాయి! చిన్న ఫారం విడిగా ఇచ్చి చూడాలి. ఎందుకంటే 22 మధ్యలో చదివినప్పుడు ఇచ్చే జవాబు, ఎనిమిదిలో చదివినప్పుడు ఇచ్చే జవాబు ఒకటే ఉండాలని లేదు. రెండోది, 22కి 9 మార్కుల తేడా ముఖ్యం కాబట్టి ఎనిమిదికి 3 అని భాగాహారం చేయకండి. అది మామూలు సైనసైటిస్ వాళ్ల నుంచి వచ్చిన అంకె, పైగా ఏ ప్రశ్నలు మిగిలాయన్న దాన్ని బట్టి మారుతుంది. సీఎఫ్ వాళ్లనే అడిగి కొత్తగా తేల్చుకోవాలి. మార్చేటప్పుడు కొన్నాళ్లు రెండూ ఇవ్వక తప్పదు, లేకపోతే పాత ఫైళ్లతో లింకు తెగిపోతుంది.

ఉప్పు_చెమట
రెండూ ఇస్తే 30 ప్రశ్నలు అవుతాయి సార్, తగ్గిద్దాం అని మొదలుపెట్టి.

లెక్కల_సారు
ఒకే రోజు వద్దు తమ్ముడూ. చిన్నది ఇంట్లో ఫోన్లో, పెద్దది ఓపీలో, మధ్యలో రెండు మూడు రోజులు.

ఉప్పు_చెమట
అలా అయితే ఓకే. ఫోన్ అంటే ఇంకోటి గుర్తొచ్చింది. నేను టోబ్రామైసిన్ అనే పీల్చే యాంటీబయాటిక్ మందు 28 రోజులు వాడి 28 రోజులు ఆపుతా. ఆపిన నెల చివర్లో నా ఒళ్లు వేరేలా ఉంటుంది. మందు నడిచే నెలలో ఓపీ పడితే ఒక మార్కు, ఆపిన నెలలో పడితే ఇంకో మార్కు. రెండు వారాల సంగతే అడుగుతారు కదా. మూడు నెలలకోసారి 22 అడిగేకంటే రెండు వారాలకోసారి ఫోన్లో ఎనిమిది అడిగితే ఆ ఎత్తుపల్లాలు కనిపిస్తాయి. ఫారం మీద ఏ మందు ఎన్నో రోజు అని రాసుకునే చోటు కూడా ఉండాలి.

ఫిజియో_స్వాతి
ఇది నచ్చింది. నా అభ్యంతరం వెనక్కి తీసుకోవడం లేదు గానీ, నిద్ర మీద ఒక్కటి, మనసు మీద ఒక్కటి ఉంటే చాలు, దానికి 3 దాటితే విడిగా కూర్చుని మాట్లాడాలి అన్న షరతు మీద ఒప్పుకుంటా.

కూకట్‌పల్లి_అమ్మ
రెండు రోజులు రాయలేకపోయాను. ఆ సాయంత్రం తీసుకెళ్తే ఎండోస్కోపీ పెట్టి చూశారు, చీము ఉందన్నారు, మందు మార్చారు, ఉప్పునీళ్లతో ముక్కు కడగడం రోజుకి రెండుసార్లు చేయమన్నారు. కాచి చల్లార్చిన నీళ్లే వాడాలని గట్టిగా చెప్పారు. పాత సీటీలో నుదుటి దగ్గర సైనస్ సరిగ్గా పెరగలేదని రాసి ఉంటే టెన్షన్ పడ్డాను, సీఎఫ్‌లో అది చాలామందికి ఉంటుందట. నొప్పి ఈరోజు కొంచెం నయం.

మీరందరూ రాసినవి మా వాడికి చదివి వినిపించాను. ఉప్పు_చెమట తమ్ముడి హలీం సంగతి రెండుసార్లు చదివించుకున్నాడు. తర్వాత ఆ ఫారం ఖాళీది ఒకటి ఇచ్చి, మార్కులు వద్దురా, నిన్ను బాగా ఇబ్బంది పెట్టేవి ఐదు గుర్తు పెట్టు అన్నాను. చూస్తే అది ఫారంలోనే ఉంది, ముఖ్యమైనవి ఐదు టిక్ చేయమని. పదేళ్లలో మాకు ఎవరూ చెప్పలేదు, మేమూ చూడలేదు.

ఈసారి నిమిషంలో అవ్వలేదు, ఇరవై నిమిషాలు పట్టింది. చిక్కటి చీమిడి, మొహం నొప్పి, వాసన, రాత్రి మెలకువ. నాలుగూ నేను అనుకున్నవే. ఐదోది నలుగురిలో సిగ్గు. నేనైతే ఆ ప్రశ్న మొదటే కొట్టేసేదాన్ని. ఎందుకురా అంటే, క్లాసులో ముక్కు చీదితే వెనక బెంచీ వాళ్లు శబ్దం చేస్తారట, అందుకని లంచ్ దాకా బిగబట్టుకుని కూర్చుంటాడట, మధ్యాహ్నం తలనొప్పి దానివల్లే అనుకుంటున్నాడు. దగ్గుకి గుర్తు పెట్టలేదు. "అది ముక్కుది కాదమ్మా, వాళ్లు ఇక్కడెందుకు అడుగుతున్నారు" అన్నాడు.

ఈఎన్‌టీ_పీజీ
మేడమ్, ఆ ఐదు గుర్తుల కాగితం తర్వాతి చెకప్‌కి తప్పకుండా తీసుకెళ్లి టోటల్ వేసే ముందే డాక్టరు గారి చేతికివ్వండి. నేను సోమవారం మా యూనిట్ మీటింగులో ఈ మాట ఎత్తుతాను, సీఎఫ్ పేషెంట్లందరితో ముందు ఆ ఐదు గుర్తులు పెట్టిద్దాం అని. దానికి కొత్త ఫారం అక్కర్లేదు. ఎవరెవరు ఏ ఐదు పెట్టారో కొన్ని నెలలు చూస్తే ఏవి ఉంచాలో అక్కడే మొదలవుతుంది. టీచరమ్మ గారూ, తెలుగు మాటలు ఒకసారి చూసిపెడతారా?

తెలుగు_టీచరమ్మ
చూస్తానమ్మా. సూర్యాపేటకి ఒకటి, రాజమండ్రికి ఒకటి రాస్తా, ఏది ఎవరికి అర్థమవుతుందో పిల్లల్నే అడుగుదాం.

ఉప్పు_చెమట
నా ఐదు: వాసన, దిబ్బడ, చిక్కటి చీమిడి, వెనక నుంచి జారేది, మొహం బరువు. అక్కా, మీ వాడికి చెప్పండి, వెనక బెంచీ వాళ్ల సంగతి నాకు మెసేజ్ చేయమని. నేను ఏం చేసేవాణ్నో చెబుతా.

కూకట్‌పల్లి_అమ్మ
చెప్పాను తమ్ముడూ. ఇప్పుడే ఫోన్ లాక్కున్నాడు, నీకే రాస్తున్నాడు.